మీ యూనిట్ నీళ్లు డ్రైనేజీలోకి వదిలే ముందు: కొలత, అనుమతి, ఛార్జీ

హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమ నడిపేవాళ్లకు కరెంటు బిల్లు యూనిట్లతో సహా నోటికి వచ్చు. రోజుకు ఎన్ని లీటర్ల మురుగునీరు బయటికి పోతోంది, అందులో ఏముంది అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. అధికారులు శాంపిల్ పట్టుకెళ్లాకే ఆ లెక్క బయటపడుతుంది, అదీ నోటీసు రూపంలో. ఆ లెక్క ముందే మీ చేతిలో ఉండాలని ఇది రాస్తున్నాను.

బాలానగర్‌లో ప్లేటింగ్ షాపు, కాటేదాన్‌లో ప్లాస్టిక్ కడిగే యూనిట్, నాచారంలో స్వీట్లో పాల పదార్థాలో తయారుచేసే చోటు, ఎక్కడైనా పెద్ద లాండ్రీ, రోజుకు వందల ప్లేట్ల బిర్యానీ వండే హోటల్: ఇలాంటివాళ్లకు ఇది పనికొస్తుంది. బల్క్ డ్రగ్ యూనిట్ల దారి వేరు. లవణాలు, సాల్వెంట్లు ఎక్కువున్న వాళ్ల నీళ్లను నేరుగా కాలనీ డ్రైనేజీలో కలిపే ప్రశ్నే లేదు. అవి ట్యాంకర్లలో జీడిమెట్ల, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంట్లకు, అంటే సీఈటీపీలకు వెళ్లాలి, లేదా యూనిట్‌లోనే పూర్తిగా ఆవిరి చేసేయాలి. పటాన్‌చెరు సీఈటీపీలో శుద్ధయిన నీటిని కూడా నక్కవాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగరం మెయిన్ లైన్‌లో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అంటే ఎస్టీపీకి పంపే ఏర్పాటు చేశారు. ఆ ప్రాంత రైతులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడితే గానీ అది రాలేదు.

ముందు మీ లైను ఎటు పోతోందో చూడండి

మీ గేటు బయట రెండు రకాల లైన్లు ఉండొచ్చు. ఒకటి నగరం నీళ్లు, మురుగు లైన్లు చూసే జలమండలి డ్రైనేజీ. రెండోది వాననీటి కాలువ, అది నేరుగా నాలాలో కలుస్తుంది. ఎప్పుడో మేస్త్రీ దగ్గరగా ఉందని వాననీటి కాలువకు కలిపేసి పోయిన కనెక్షన్లు పాత ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో తక్కువేం కాదు.

తెలుసుకోవడం పెద్ద పని కాదు. యూనిట్ ఆగిన రోజున ఒక బకెట్ నీళ్లలో ముదురు రంగు, వంటల్లో వాడే రంగే చాలు, బాగా కలిపి ఫ్లోర్ డ్రెయిన్‌లో పోయించండి. వెనకే ఒక డ్రమ్ము మంచినీళ్లు వదలండి. జలమండలి లైన్‌మన్‌తో బయటి మ్యాన్‌హోల్ మూత తీయించి, రంగు ఎక్కడ తేలుతుందో పైనుంచే చూడండి. తల లోపలికి వంచొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. లోపల ఉన్న ప్రతి డ్రెయిన్‌కూ ఇదే చేసి, చేత్తోనైనా సరే ఒక కాగితం మీద లైన్ల పటం గీసుకోండి.

తర్వాత జలమండలి సెక్షన్ ఆఫీసులో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: మా లైను ఏ ఎస్టీపీకి చేరుతోంది? ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు, మీరు పాటించాల్సిన పరిమితులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 లోని ఆరో షెడ్యూలులో ప్రభుత్వ డ్రైనేజీకి ఒక వరస అంకెలు, చెరువులు, నదులు, నాలాలకు ఇంకో వరస అంకెలు ఉన్నాయి. డ్రైనేజీ వరస బాగా వదులుగా ఉంటుంది. బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 350 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. చెరువులోకైతే 30 మాత్రమే. కానీ ఆ వరస కిందే ఒక షరతు ఉంది. ఆ డ్రైనేజీ జీవశుద్ధి చేసే ప్లాంటుకు చేరితేనే ఈ సడలింపు. చేరకపోతే మీరు డ్రైనేజీలో వదిలినా చెరువులో వదిలినట్టే లెక్క.

హైదరాబాద్‌లో ఈ షరతు చాలా బరువైనది. నగరంలో రోజుకు సుమారు 1650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోందని అంచనా వేసిన నాటికి శుద్ధి సామర్థ్యం 772 మిలియన్ లీటర్లే. అందుకే 1259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త ఎస్టీపీలు చేపట్టారు. ప్లాంటు కట్టినంత మాత్రాన మీ వీధి లైను దానికి కలిసిందని కాదు. కాబట్టి జవాబు నోటిమాటగా కాకుండా, అర్జీ పెట్టి కాగితం మీద తీసుకోండి.

నీళ్లన్నీ ఒకటి కాదు, విడగొట్టండి

ఎక్కువ డబ్బు మిగిలేది ఈ అడుగులోనే. అందుకే కొంచెం నిలబడి చెబుతాను.

ఒక యూనిట్‌లోంచి బయటికొచ్చే నీళ్లు నాలుగైదు రకాలు. ప్రాసెస్ నీళ్లు, ట్యాంకులూ నేలా కడిగిన నీళ్లు, బాయిలర్, కూలింగ్ టవర్ల నుంచి తీసేసే ఉప్పునీళ్లు (బ్లోడౌన్), ఆర్ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు (రిజెక్ట్), టాయిలెట్ల నీళ్లు. అన్నీ ఒకే సంప్‌లో కలిసే చోట, కొద్దిపాటి చెడ్డ నీరు మొత్తం నీటిని చెడగొడుతుంది, శుద్ధి ఖర్చు మొత్తం మీద పడుతుంది. స్వీట్లు చేసే యూనిట్లో గిన్నెలు కడిగే ముందు అడుగంటిన పాకాన్ని, కోవాను రబ్బరు గరిటెతో గీకి డబ్బాలో వేస్తే చాలు, ఆ రోజు నీళ్లలో బీఓడీ గట్టిగా తగ్గుతుంది. పంపు, రసాయనం, కరెంటు ఏదీ అక్కర్లేదు. నీళ్లలో కలవని చక్కెరను శుద్ధి చేసే పనే ఉండదు.

ప్లేటింగ్ వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. సయనైడ్ బాత్ తర్వాతి రిన్స్ నీళ్లు, యాసిడ్ పిక్లింగ్ రిన్స్ నీళ్లు ఎట్టి పరిస్థితుల్లో ఒక పైపులో కలవకూడదు. కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. అది మనిషిని నిమిషాల్లో చంపుతుంది. సయనైడ్ లైనును పీహెచ్ 10 పైన ఉంచి హైపోక్లోరైట్‌తో శుద్ధి చేయాలి. క్రోమ్ లైనులో ముందు పీహెచ్‌ను 2, 3 మధ్యకు దించి, సోడియం మెటాబైసల్ఫైట్‌తో ఆరు వేలన్సీ క్రోమియంను మూడు వేలన్సీకి మార్చి, ఆ తర్వాత సున్నంతో పీహెచ్‌ను 8.5 దాకా పెంచి అడుగుకు దించాలి. రెండింటికీ వేర్వేరు ట్యాంకులు, వేర్వేరు పైపులు, పైపుల మీద వేర్వేరు రంగులు. హెల్పర్ కొత్తవాడైనా రంగు చూసి తెలుసుకోగలగాలి.

దిగిన స్లడ్జ్ చెత్త కాదు, ప్రమాదకర వ్యర్థం. మున్సిపల్ చెత్తబండికి ఇవ్వకూడదు. దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, పూడ్చివేత కేంద్రానికి (టీఎస్‌డీఎఫ్‌కు) రవాణా పత్రంతో, అంటే మ్యానిఫెస్ట్‌తో పంపి, ఆ కాపీ ఫైల్‌లో పెట్టుకోండి.

కొలవండి: ముందు ఎంత, తర్వాత ఎలాంటిది

ఎంత పోతోందో కొలవడానికి మొదటిరోజే ఖరీదైన ఫ్లోమీటర్ అక్కర్లేదు. 20 లీటర్ల బకెట్‌ను అవుట్‌లెట్ కింద పెట్టి సెల్‌ఫోన్‌లో టైము చూడండి. 40 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు, గంటకు 1800 లీటర్లు. ఇది గంటగంటకూ రాయండి, పని జోరుగా ఉన్నప్పుడూ, భోజనాల వేళా, షిఫ్టు చివర కడిగేటప్పుడూ. ఆ తర్వాత లోపలికొచ్చే లెక్కతో సరిచూడండి. జలమండలి మీటర్, బోరు, కొన్న ట్యాంకర్లు మూడూ కలిపి, అందులోంచి సరుకులోకి పోయింది, ఆవిరైంది, చెట్లకు పోసింది తీసేయాలి. రెండు లెక్కలకు పెద్ద తేడా వస్తే మీకు తెలియని డ్రెయిన్ ఎక్కడో ఉందని అర్థం. లైన్ల పటం తీసి మళ్లీ చూడండి.

శాంపిల్ విషయంలో జరిగే పొరపాటు ఒకటే: పొద్దున నీళ్లు తేటగా ఉన్నప్పుడు ఒక సీసా నింపి ల్యాబ్‌కు పంపడం. ఆ రిపోర్టు చూసుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది, అంతకు మించి పనికిరాదు. షిఫ్టంతా గంటకోసారి, ప్రవాహానికి తగ్గ పాళ్లలో తీసి కలిపిన శాంపిల్ ఒకటి, ట్యాంకులు కడిగే సమయంలో విడిగా ఇంకొకటి పంపండి. నూనె, గ్రీజ్ పరీక్షకు గాజు సీసానే వాడాలి, ప్లాస్టిక్‌కు నూనె అంటుకుపోతుంది. లోహాలకు వేరే సీసా, అందులో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందికి దించాలి. బీఓడీ సీసాను ఐస్‌బాక్స్‌లో పెట్టి అదే రోజు చేర్చాలి. ల్యాబ్‌కు గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. మన దగ్గర బీఓడీని 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి కొలుస్తారు కాబట్టి రిపోర్టు మర్నాడే రాదు.

రిపోర్టు వచ్చాక ఈ అంకెలతో పోల్చండి. ఎస్టీపీకి చేరే డ్రైనేజీలోకైతే పీహెచ్ 5.5 నుంచి 9, తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 600 మిల్లీగ్రాములు, బీఓడీ 350, నూనె, గ్రీజ్ 20, ఆరు వేలన్సీ క్రోమియం 2, సయనైడ్ 2, నికెల్ 3, జింకు 15. ఎస్టీపీకి చేరని లైనైతే ఘనపదార్థాలు 100, బీఓడీ 30, సీఓడీ (మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250, నూనె 10, ఆరు వేలన్సీ క్రోమియం 0.1, సయనైడ్ 0.2, జింకు 5. ఇవి సాధారణ పరిమితులు. మీ అనుమతి పత్రంలో ఇంతకంటే గట్టి అంకె ఉంటే అదే చెల్లుతుంది.

అంకె దిగడానికి బోరు నీళ్లు కలిపే సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. వినొద్దు. లీటరులో శాతం తగ్గుతుంది గానీ మొత్తం మురికి ఒక్క గ్రాము కూడా తగ్గదు. పైగా భూగర్భ జలం తోడి మరీ డ్రైనేజీ నింపినట్టవుతుంది. లోపలి నీళ్ల లెక్క చూసే అధికారికి అది ఇట్టే దొరికిపోతుంది కూడా.

రెండు అనుమతులు, ఒకటి కాదు

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం వాగులోకైనా, బావిలోకైనా, నేల మీదికైనా, డ్రైనేజీలోకైనా పరిశ్రమ నీళ్లు వదలాలంటే కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) సమ్మతి కావాలి. డ్రైనేజీ ప్రభుత్వానిదే కదా అన్న వాదన నిలవదు, చట్టంలో ఆ మాటే రాసి ఉంది. యూనిట్ పెట్టేముందు స్థాపన సమ్మతి (సీఎఫ్ఈ), నడపడానికి నిర్వహణ సమ్మతి (సీఎఫ్ఓ). అర్జీ ఆన్‌లైన్‌లోనే, మండలి ప్రధాన కార్యాలయం సనత్‌నగర్‌లో ఉంది. సీఎఫ్ఓ చేతికి రాగానే ఫ్రేము కట్టించకండి, చదవండి. రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఏ అవుట్‌లెట్ నుంచి, ఏ పరిమితులకు లోబడి అన్నవి అందులో ఉంటాయి. మీ బకెట్ లెక్క దానికంటే ఎక్కువ చూపిస్తే, నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఉల్లంఘనే.

జలమండలి కనెక్షన్ వేరే విషయం. లైనూ, మ్యాన్‌హోలూ, ఎస్టీపీ అన్నీ జలమండలివి. పీసీబీ ఒప్పుకున్నంత మాత్రాన జలమండలి ఒప్పుకున్నట్టు కాదు, జలమండలికి డ్రైనేజీ సెస్సు కడుతున్నంత మాత్రాన పరిశ్రమ నీళ్లు వదలొచ్చని కాదు. ఇంటి కనెక్షన్ పేరుతో తీసుకున్న లైన్లో పరిశ్రమ నీళ్లు వదులుతున్నవాళ్లు ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఛార్జీ దేనికి కడుతున్నారో అర్థం చేసుకోండి

జలమండలి బిల్లులో డ్రైనేజీ సెస్సును నీటి ఛార్జీ మీద 35 శాతంగా వేస్తూ వస్తున్నారు. ఇళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే ఇళ్ల మురుగు ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పరిశ్రమ దగ్గర ఇది తప్పుతుంది. బోరు మీద, ట్యాంకర్ల మీద నడిచే యూనిట్ ఎంత వదిలినా సెస్సులో కనపడదు. ఆఫీసు కాంప్లెక్స్ 20 కిలోలీటర్లు, స్వీట్ల యూనిట్ 20 కిలోలీటర్లు ఒకే రేటు కడతాయి.

ఆ తేడా ఎంతో లెక్క కట్టి చూడండి. రోజుకు 20 కిలోలీటర్లు, బీఓడీ లీటరుకు 2500 మిల్లీగ్రాములు అనుకుందాం. పాలు, చక్కెర ఉన్న నీళ్లకు ఇది వింత అంకె కాదు. రెండూ గుణిస్తే రోజుకు 50 కిలోల బీఓడీ. ఇళ్ల మురుగులో బీఓడీ సుమారు 250 ఉంటుంది కాబట్టి ఇది 200 కిలోలీటర్ల ఇళ్ల మురుగుతో సమానం. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనే మామూలు లెక్క వేస్తే, ఆ ఒక్క షెడ్డు దాదాపు 1850 మంది ఉన్న బస్తీ అంత బరువు ఎస్టీపీ మీద వేస్తోంది.

అందుకే బ్రిటన్‌లో మాగ్డెన్ ఫార్ములా అనే పద్ధతి నడుస్తోంది. బిల్లులో ఒక భాగం నీటిని తీసుకెళ్లడానికి, ఒకటి మొదటి దశ శుద్ధికి, ఒకటి జీవశుద్ధికి, ఒకటి స్లడ్జ్‌కు. మొదటి రెండూ పరిమాణం మీదే. మూడోది మీ నీటి సీఓడీని నగరం సగటు సీఓడీతో భాగించి గుణిస్తారు, నాలుగోది ఘనపదార్థాలతో అలాగే. మురికి పదిరెట్లయితే ఆ భాగం పదిరెట్లు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: హైదరాబాద్ కూడా ఇటు రావాలి. ఇప్పుడు మురికి తగ్గించుకున్న యజమానికి సెస్సులో ఒక్క రూపాయి తగ్గడం లేదు, తగ్గించనివాడి భారాన్ని ఇళ్లవాళ్లు పంచుకుంటున్నారు.

సీఈటీపీ సభ్యులైతే మీరు ఇప్పటికే బరువును బట్టి కడుతున్నట్టే. సీఓడీ, లవణాల స్థాయిని బట్టి రేటు మారుతుంది. ట్యాంకర్ వెళ్లే ముందు మీరూ ఒక శాంపిల్ తీసి దాచుకోండి. అక్కడి అంకెకూ మీ అంకెకూ తేడా వస్తే మాట్లాడటానికి చేతిలో ఆధారం ఉంటుంది. ఇక పాత నీటి సెస్సు, 1977 చట్టం కింద పీసీబీకి కట్టేది, 2017లో రద్దయింది. ఎవరైనా కన్సల్టెంట్ ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి.

తప్పు జరిగితే పడే లెక్క కూడా ముందే వేసుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ పరిహారానికి ఒక సూత్రం ఇచ్చింది: కాలుష్య సూచిక, రోజులు, రూపాయి గుణకం, యూనిట్ పరిమాణం, ప్రాంత గుణకం, ఇవన్నీ గుణించాలి. కాలుష్యం ఎక్కువుండే పరిశ్రమల రెడ్ కేటగిరీకి సూచిక 80, రూపాయి గుణకం 250 తీసుకుంటే, చిన్న యూనిట్‌కు 0.5, 50 లక్షల నుంచి కోటి జనాభా నగరానికి 1.5. గుణిస్తే రోజుకు 15,000 రూపాయలు. 30 రోజులకు నాలుగున్నర లక్షలు. ఏ యూనిట్‌కైనా రోజుకు 5,000కు తగ్గదు. రోజంతా వచ్చే నీళ్లను కలిపి సమం చేసే ఒక మంచి ఈక్వలైజేషన్ ట్యాంకు ఖర్చును దీని పక్కన పెట్టి చూడండి.

శుద్ధి ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు జాలీ, తర్వాత గ్రీజ్ ట్రాప్, తర్వాత ఈక్వలైజేషన్, ఆ తర్వాతే రసాయనాలు. ఈక్వలైజేషన్ అంటే ఒక రోజు నీటిని పట్టే ట్యాంకు, అడుగున గాలి. చాలామంది చోటు లేదని దీన్ని వదిలేస్తారు. అది లేకపోతే ఉదయం పీహెచ్ 4, సాయంత్రం 11 వస్తుంది, ఎన్ని రసాయనాలు పోసినా నిలకడ రాదు. ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి చాలామటుకు సరిచేసుకుంటాయి.

హోటళ్ల సంగతి వేరు. గ్రీజ్ ట్రాప్ పెట్టామంటారు గానీ, అందులోకి మరిగే నీళ్లు వదులుతారు. వేడికి కరిగిన డాల్డా, నెయ్యి ట్రాప్ దాటిపోయి, బయట చల్లబడి లైన్లో గట్టిపడుతుంది. పక్క వీధిలో మురుగు పొంగేది అందుకే. నీళ్లు చల్లారాకే ట్రాప్‌లోకి రావాలి, పైన తేలిన పొర వారానికోసారైనా తీయాలి. జలమండలి అడిగే సిల్ట్ ఛాంబర్ (మట్టి, ఇసుక దిగే గుంట) కూడా అంతే, కట్టి వదిలేస్తే పనిచేయదు. వాడిన నూనెను సింక్‌లో పోయకుండా, బయోడీజిల్‌కు సేకరించే ఏజెన్సీకి ఇవ్వండి. ఆహార భద్రత సంస్థ రూకో పేరుతో 2018 నుంచి దీన్ని ప్రోత్సహిస్తోంది.

మ్యాన్‌హోల్ గురించి

పీహెచ్ పరిమితి కాగితం కోసం పెట్టింది కాదు. నిలిచిన మురుగులో సల్ఫైడ్ ఉంటుంది. దాని మీదికి మీ యాసిడ్ నీళ్లు వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఒక్కసారిగా లేస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, తర్వాత మనిషి పడిపోతాడు. అతన్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. రాత్రిపూట ఎవరూ చూడరని వదిలిన యాసిడ్, పొద్దున్నే రెండు వీధుల అవతల మూత తీసిన కార్మికుడి దగ్గరికి చేరుతుంది. వదిలిన యజమానికి ఆ మనిషి ఎవరో కూడా తెలియదు.

మీ లైను పూడుకుపోతే మనిషిని దింపొద్దు. రక్షణ లేకుండా మనిషితో మురుగు కాలువ శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది, చేయించినవాళ్లు శిక్షకు లోనవుతారు. 155313కు ఫోన్ చేస్తే జలమండలి యంత్రం వస్తుంది. ఇరుకు గల్లీల కోసం 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చారు. పక్క షెడ్డువాళ్లు రాత్రి యాసిడ్ వదులుతున్నట్టు మీకు వాసన వస్తే, పీసీబీ నంబరు 10741. పొరుగువాడితో పేచీ ఎందుకని ఊరుకోకండి.

శాంపిల్ తీసే రోజు

అధికారులొస్తే తప్పించుకుపోకండి. అదే 1974 చట్టం 21వ సెక్షన్ మీకూ రక్షణ ఇస్తుంది. పరీక్షకు పంపుతున్నామని అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, మీ ముందే శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీలు వేయాలి, రెండింటి మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. రెండో భాగాన్ని చట్టంలో చెప్పిన ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు మీది. ఈ పద్ధతి పాటించని రిపోర్టు కోర్టులో సాక్ష్యంగా నిలవదు. మీరూ అదే నిమిషంలో, అదే చోట ఒక సీసా నింపి మీ ల్యాబ్‌కు పంపండి. సంతకం పెట్టేముందు తేదీ, సమయం, ఏ అవుట్‌లెట్ అన్నవి సరిగా రాశారో చూడండి.

ఆ రోజు మిమ్మల్ని కాపాడేది రోజువారీ లాగ్‌బుక్. మీ యూనిట్ శుద్ధి ప్లాంటుకు, అంటే ఈటీపీకి విడి కరెంటు మీటర్ పెట్టించండి. మోటారు నిజంగా తిరిగిందా లేదా అన్నది ఆ మీటరే చెబుతుంది. నీటి పరిమాణం, పీహెచ్, వాడిన సున్నం, పటిక, పంపిన స్లడ్జ్ అన్నీ ఆ రోజువి ఆ రోజే రాయాలి, నెలాఖరున ఒకే పెన్నుతో ఒకే కూర్చోవడంలో నింపిన పుస్తకాన్ని ఎవరైనా గుర్తుపడతారు. సీఎఫ్ఓ గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తుపెట్టి, కొన్ని నెలల ముందే రెన్యూవల్‌కు పెట్టండి. కొత్త సరుకు మొదలుపెట్టినా, కొత్త బాత్ పెట్టినా, షిఫ్టు పెంచినా పాత సీఎఫ్ఓ దానికి వర్తించదు. మళ్లీ బకెట్, మళ్లీ శాంపిల్, ఆ తర్వాతే అర్జీ.